నీళ్ళు చల్లారేదాకా

“నీళ్ళెట్లుండాయి?” అని తిప్పన్న పొద్దున కళ్ళు తెరుస్తూనే అడుగుతాడు. అడిగేది తన స్నానపు నీళ్ళ గురించి కాదు. ఆయన ఒంటికి ఏపాటి వేడి కావాలో శివమ్మ చేతికి కాపురానికొచ్చిన కొత్తలోనే అలవాటైపోయింది. కాగిన నీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, మోచెయ్యి ముంచి చూసి, బక్కెట్టు స్నానాలగదిలో పెట్టి, తువ్వాలు దండెం మీద వేశాక గానీ ఆయన మంచం దిగడు. ఇప్పుడు అడుగుతున్నది హాల్లోని చేపల నీళ్ళ గురించి.

అవి సముద్రపు చేపలు. తిప్పన్న రోడ్డు పని ఇప్పించాడన్న సంతోషంలో బెంగుళూరు కాంట్రాక్టరొకాయన మనుషుల్ని పంపి, గోడంత అద్దాల తొట్టి కట్టించి, ఉప్పునీళ్ళు నింపి, నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న చేపల్ని వదిలిపోయాడు. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళ షావుకార్ల ఇళ్ళలో కూడా ఉండేవి మంచినీళ్ళ చేపలే. పంచాయితీకని వచ్చినవాళ్ళు తమ తగాదా మర్చిపోయి తొట్టి ముందు నోరు తెరుచుకుని నిలబడేవారు. “సముద్రాన్నే ఇంటికి తెచ్చినా” అని తిప్పన్న మీసం దువ్వేవాడు. తెచ్చింది ఆయనే, కాదనడానికి లేదు. మోసేది మాత్రం శివమ్మ.

వారానికొకసారి తొట్టిలో కొంత నీరు తీసేసి కొత్త నీరు పోయాలి. కొత్త నీరంటే కుళాయి నీరు కాదు. మిషన్లో శుద్ధి చేసిన నీళ్ళు పెద్ద డ్రమ్ములో పట్టి, బెంగుళూరు నుంచి వచ్చే ఉప్పు కలిపి, చిన్న మోటారు పెట్టి ముందురోజు నుంచి తిప్పుతూ ఉండాలి. అంతా అయ్యాక వేడి చూడాలి. తొట్టిలో ఇరవై ఆరు డిగ్రీలుంటే డ్రమ్ములోనూ ఇరవై ఆరే ఉండాలి. తేడా వస్తే చేపలు తట్టుకోలేవు. తొట్టిని చల్లగా ఉంచడానికి మిషనుంది. డ్రమ్మును చల్లగా ఉంచడానికి శివమ్మ ఉంది.

చలికాలం పర్వాలేదు, ఎండాకాలమే నరకం. ఈ ఊళ్ళో మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళకు పొయ్యి అక్కర్లేదు. మూత బిగించిన సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి డ్రమ్ములో తేలెయ్యాలి, అవి కరగగానే వేరేవి మార్చాలి. ఐసు నేరుగా వేస్తే ఉప్పు పలచబడిపోతుంది. ఆ సంగతి తెలియక మొదటి ఎండాకాలం కరెంటు పోయి మిషను ఆగినప్పుడు తిప్పన్న తన మనుషులతో సోడాబండి ఐసు తెప్పించి తొట్టిలోనే దిమ్మరించాడు. మర్నాటికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. “గొర్ల యెనకాల పెరిగినదానివి, నీకు చేపల సంగతి ఏం తెలుసు?” అని అందరి ముందరా శివమ్మనే అన్నాడు. ఐసు పోసిందెవరో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. తానూ గొర్రెల వెనక తిరిగినవాడేనన్న సంగతి తిప్పన్న మండలాధ్యక్షుడైన రోజే మర్చిపోయాడు. మళ్ళీ కొత్త చేపలొచ్చాయి. అప్పటినుంచి శివమ్మ చేతిలో ఒక్క చేప కూడా చావలేదు. అందుకు అందరూ మెచ్చుకున్నది బెంగుళూరు మిషన్లను.

ఆ ఇంటి చుట్టూ నిలువెత్తు గోడ, గేటు దగ్గర మనుషులు. తిప్పన్న వాకిలి దాటితే ముందొక జీపు, వెనకొక జీపు. కొడుకును ఎప్పుడో బెంగుళూరు హాస్టల్లో వేశారు. ఆడవాళ్ళకు మాత్రం ఈ బాధ లేదు. ఎన్ని తలకాయలు తెగినా ఆడవాళ్ళ జోలికి పోకూడదన్నది ఫ్యాక్షన్లో ఒక నీతి. ఆ నీతి గురించి మగవాళ్ళు ఛాతీ విరుచుకుని చెప్పుకుంటారు. దాని అసలు రుచి తెలిసింది ఆడవాళ్ళకు. అంగడికి ఆడదే పోవాలి, ఆసుపత్రికి ఆడదే పోవాలి, మగవాళ్ళు జైల్లో ఉంటే క్యారియరు మోసుకుని ఆడదే పోవాలి. శివమ్మ అన్ని చోట్లకూ పోయింది. పోనిది ఒక్క పుట్టింటికే. వీరపునాయునిపల్లె అవతల చిన్న పల్లె వాళ్ళది. ఆమె తమ్ముడు రంగయ్య పంచాయతీ ఎన్నికలప్పుడు అవతలి పార్టీలో చేరాడు. “వాడు పార్టీ మారినాడు. ఇంగ నీకు పుట్టిల్లు ల్యా” అన్నాడు తిప్పన్న. ఆ వూళ్ళో ఆమెకు ముల్లు కూడా గుచ్చుకోదని ఆయనకూ తెలుసు. గుచ్చుకునేది ఆయన పరువుకు. అత్త ఇంకో మాట కలిపింది. “మొగోడు పోల్యాని ఊరికి పెండ్లానికేం పని?”

శివమ్మ ఈరోజు కాకపోతే రేపు పోవచ్చులే అనుకుంది. అట్లా అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ మే నెలలో ఒకరోజు పొద్దున్నే మైమూన్ వచ్చింది. ఊరూరా తిరిగి గాజులమ్మే మనిషి, ఆమెకు ఏ గేటూ అడ్డం లేదు. శివమ్మ చేతిని మడిచి పట్టుకుని గాజు ఎక్కిస్తూ గొంతు తగ్గించింది.

“మీయమ్మకు బాగ ల్యా శివమ్మా. అన్నం ముట్టుకోల్యా. రేపో మాపో అన్నట్టుంది.”

శివమ్మ చేయి బిగుసుకుంది. గాజు పగిలింది.

“తలకు పోసుకోవాలని ఒకటే పోరు పెడ్తాంది. మీ మరదలు పోస్తానంటే ఒప్పుకోల్యా. ‘నాగేంద్రమ్మ పోసే నీళ్ళు కాల్తాయి, నా కూతురొస్తే పోపిచ్చుకుంటా’ అంటాంది. నిన్ను రమ్మని చెప్పమంది. మీ తమ్ముడు కూడా రమ్మనే చెప్పినాడు.”

గాజుముక్క గుచ్చుకున్న చేతిని చీరకు తుడుచుకుంటూ శివమ్మ నేరుగా తిప్పన్న దగ్గరికి పోయింది. ఆయన జమ్మలమడుగు కోర్టులో వాయిదాకు బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఈసారి ఆమె అడగలేదు, చెప్పింది.

“మాయమ్మకు పానం మీదికొచ్చింది. నేను పోతాండా.”

ఆయన కసురుకుంటాడనుకుంది. కసురుకోలేదు. కాసేపు తొట్టి వైపు చూసి, “పో. నేను వద్దన్యానా?” అన్నాడు. “రేపు పులివెందుల మీటింగు చూసుకోని మన పార్టీ నాయకుడు ఈడికే భోజనానికి వస్తాండాడు. ఆ నీళ్ళు మార్చి పో. జీపు, తోలేదానికి అబ్దుల్ సలాం ఇంటికాడ్నే ఉంటారు.”

శివమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖంతో కాదు, కృతజ్ఞతతో. తన తల్లిని తాను చూడబోవడానికి ఆ మనిషి పొమ్మన్నందుకు కృతజ్ఞత! తర్వాత ఆమెను ఎక్కువ కాల్చింది అదే.

డ్రమ్ములో నీళ్ళు ముప్పై ఆరు దగ్గరున్నాయి. ముందురోజు కరెంటు పోయి ఫ్రీజరులో సీసాలు సగమే గడ్డకట్టాయి. ఉన్నవాటిని వేసింది. డ్రమ్ము చుట్టూ తడి గోనెపట్ట చుట్టింది. టేబుల్ ఫ్యాను తెచ్చి నీళ్ళ మీదికి తిప్పింది. పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ముప్పై ఐదు. గోనెపట్ట ఆరితే తడిపింది, సీసాలు కరిగితే వీధి చివరి కూల్‌డ్రింకు షాపులో గడ్డకట్టినవి మార్చుకుని తెచ్చింది. ముప్పై మూడు. కుంకుడుకాయలు ఒక పొట్లంలో, అమ్మకు కొత్త చీర ఒకటి సంచిలో సర్దింది. అమ్మ తల ఎంత చిన్నదైపోయి ఉంటుందో, ఆ తలకు ఏపాటి వేడి సరిపోతుందో ఆలోచించింది. ముసలి ఒంటికి గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువే ఉండాలి, పైన గాలి తగలకుండా పోయాలి. మళ్ళీ వచ్చి చూసింది. ముప్పై ఒకటి. ఆ అంకె దగ్గర నీళ్ళు మొండికేశాయి. ఎండ నడినెత్తి మీదికొచ్చింది.

అబ్దుల్ సలాం వాకిట్లోంచి తొంగిచూశాడు. “వదినా, పోసేసి రా, పోదాం. ఆ మాత్రానికి చేపలకేమయితాది?”

“సస్తాయి సలామూ.”

“సస్తే మళ్ళా తెచ్చుకుంటాడులే అన్న.”

వాడన్నది నిజమే. అది ఆమెకు కూడా తెలుసు. అయినా లేవలేదు. చేపలు చస్తే తిప్పన్న ఏమంటాడోనన్న భయం కొంత. నాయకుడి ముందర మళ్ళీ గొర్రెల మాట వస్తుందన్న అభిమానం కొంత. అన్నిటికంటే ఎక్కువ, మొదలుపెట్టిన పనిని చెడగొట్టి పోవడం ఆమెకు చేతకాదు. కూర అడుగంటితే అన్నం తినని మనిషి, తొట్టి అద్దం మీద మరకుంటే నిద్రపోని మనిషి. ఆ చేతకానితనాన్నే అందరూ ఇంతకాలం మంచితనమని మెచ్చుకున్నారు, ఆమె కూడా అట్లాగే నమ్మింది.

సాయంత్రం ఎండ వాలాక గానీ నీళ్ళు దిగిరాలేదు. ఇరవై ఆరు కాగానే పాత నీళ్ళు గొట్టంతో తోడింది, కొత్త నీళ్ళు చెంబుతో నిదానంగా పోసింది. చేపలు ఉలకలేదు, పలకలేదు, హాయిగా తిరుగుతున్నాయి. చేతులు తుడుచుకుని జీపెక్కింది. ఎర్రగుంట్ల దాటినా సంచిని ఒళ్ళోంచి దించలేదు.

దీపాలు పెట్టే వేళకు ఊరు చేరింది. వాకిట్లో మనుషులున్నారు. వాళ్ళను దాటి ముందుకు పోతుంటే కాలి కింద తడి తగిలింది. ఆ తడి ఏమిటో ఆమెకు అర్థమయ్యేలోపే నాగేంద్రమ్మ వచ్చి మీద పడింది.

“మద్యానం పొద్దే పోయింది వదినా. నీకోసం శానాసేపు చూసినాం. ఎండాకాలం, పెట్టుకోకూడదు, నీళ్ళు పోసేయండని పెద్దోళ్ళన్యారు. నీకు ముఖం చూపీయాలనే ఎత్తకుండా ఉండాం.”

అమ్మ ముఖాన పసుపు, నుదుట ఇంత బొట్టు. తడి జుట్టు తలకు అతుక్కుపోయి ఉంది. శివమ్మ ఏడవలేదు. మరదలి చేయి పట్టుకుని, “ఏం నీళ్ళు పోసినారు?” అని అడిగింది.

“ఏం నీళ్ళేంది? కాంచిన నీళ్ళే.”

“తొరిపినారా? చెయ్యి పెట్టి చూసినారా?”

నాగేంద్రమ్మ బిత్తరపోయి పక్కనున్న వాళ్ళ వైపు చూసింది. దుఃఖంలో ఏదో మాట్లాడుతోందని వాళ్ళు శివమ్మను పట్టుకుని కూర్చోబెట్టారు. ఎవరో నీళ్ళు తాపించబోతే మొహం తిప్పుకుంది. మధ్యాహ్నం పొద్దు అంటే, డ్రమ్ములో ముప్పై ఒకటి ఉన్నప్పుడు. పొద్దున ముప్పై ఆరు దగ్గరే లేచి వచ్చి ఉంటే అమ్మ తల కడిగి, జుట్టు ఆరబెట్టి, కొత్త చీర కట్టి, రెండు మాటలు మాట్లాడి ఉండేది. ఎవరు ఆపారు తనను? గేటు తీసే ఉంది. జీపు వాకిట్లోనే ఉంది. మొగుడు ఊళ్ళోనే లేడు. తిట్టుకోవడానికైనా ఒక మనిషి కనబడడం లేదు. కాపలా పెట్టకుండానే కాపలా ఉండే మనిషిగా తనను తయారుచేసుకున్నారు, తానూ తయారైంది. ఆ మాట తోచాక అప్పుడొచ్చింది ఏడుపు. అమ్మ కాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

చిన్నదినం అయిన మరునాడు అబ్దుల్ సలాం జీపు వేసుకుని వచ్చాడు. ఊరి మొదట్లోనే ఆపి, నడిచి ఇంటికొచ్చాడు. అమ్మ పడుకునే వెనక కొట్టంలో శివమ్మ మేకలకు ఆకు వేస్తోంది. ముందురోజే రంగయ్య వచ్చి, “ఈడ్నే ఉండు అక్కా. నువ్వు మన పార్టీలోకి వచ్చినట్టు ఊరంతా చెప్పుకుంటాండారు” అని గర్వంగా అంటే, “నేను ఏ పార్టీకీ రాల్యా. మాయమ్మ కొట్టానికొచ్చినా. ఈ మేకల పాలమ్ముకోని బతుకుతా” అని వాడి నోరు మూయించింది. నువ్వెవరివి నన్ను గెలుచుకోవడానికి అన్నట్టు చూసింది. 

“వదినా, అన్న పిల్చుకోని రమ్మన్యాడు” అన్నాడు సలాం, తలవంచుకుని. “నాయకుడు చేపల్ని చూసి శానా మెచ్చుకున్యాడంట. మళ్ళా నీళ్ళు మార్చే దినం వస్తాంది. ఆడ ఎవరికీ చాతకాల్యా.”

“మాయమ్మ సంగతేమన్నా అడిగినాడా?”

సలాం మంచివాడు, అబద్ధం చెప్పలేక కాలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు. తిప్పన్న అడిగి ఉంటే గదా చెప్పడానికి. ఎద్దు పుండు కాకికి ముద్దా?

శివమ్మ చేతిలోని ఆకుకొమ్మ మేక ముందు పెట్టి, చీర దులుపుకుని లేచింది. ఆమె మనసులో కోపం లేదు. కోపం వచ్చి ఉంటే జీపెక్కి పోయి ఆ ఇంట్లో నాలుగు మాటలు అరిచి, మళ్ళీ సాయంత్రానికి పొయ్యి వెలిగించి ఉండేది. ఇన్నేళ్ళూ అదే చేసింది.

“సలామూ, సావుకొచ్చిన ఆడబిడ్డను మొగుడొచ్చి పిల్చుకోని పోవాల. అది మా వాడిక. నువ్వొచ్చి పిలిస్తే ఎట్ల వస్తా? ఆయప్పనే రమ్మను.”

సలాం ఉలిక్కిపడి చూశాడు. “ఈ ఊరికి అన్న యాడ వస్తాడు వదినా? పొలిమేర్లో అడుగు పెట్టల్యాడు గదా.”

“పెట్టల్యాడు” అంది శివమ్మ. “తెలిసే చెప్తాండా.”