అరుళానందస్వామికి సావు దరువు

మా అత్త శౌరమ్మ ఏడాదిగా గడప దాటలేదు. గుడికి రాదు, జపమాల ముట్టదు. ఆమె కొడుకు, అంటే మా ఆయన బాలశౌరి, రైలు యార్డులో రెండు వ్యాగన్ల మధ్య నలిగి చనిపోయినప్పటి నుంచి ఇదే వరస. మొగుడు పోయింది నాకు కాదా? నేను వంట చేశాను, పనికి పోయాను, ఏడవాల్సింది ఆ పనుల మధ్యే ఏడ్చాను. ఆమె మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని దేవుడితో మాటలు మానేసింది. నాకు ఒళ్లు మండేది. ఇలాగే ఉంటే ఈమె కూడా నాకు దక్కదేమోనని భయం కూడా వేసేది.

1947 వానాకాలంలో, అరుళానందస్వామిని రోములో పునీతుడిగా ప్రకటించారని కబురొచ్చింది. ఆయన పోర్చుగల్ దేశపు గొప్పింటి బిడ్డ. రెండున్నర వందల ఏళ్ల కిందట మన దక్షిణాదికి వచ్చి కావి కట్టి, మాంసం మాని, ఊరూరా తిరిగి సువార్త చెప్పాడు. అది గిట్టక ఆ సీమ రాజు తల నరికించాడు. నరకడానికి వచ్చినవాడితో, "నా ప్రార్థన అయిపోయింది, ఇక నీ పని నువ్వు చెయ్యి" అన్నాడట స్వామి.

ఫలక్‌నుమా దగ్గర మా గల్లీలో క్రైస్తవుల ఇళ్లు నాలుగో అయిదో. అయినా ఊరేగింపు తియ్యాల్సిందేనన్నాడు గుడిలో ప్రార్థనలు నడిపించే మా ఉపదేశి జోజప్ప. స్వామి పటం ఉన్నది మా ఇంట్లోనే, అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నది.

"అత్తమ్మా, పటం నువ్వే పట్టుకొని నడవాలె" అన్నాను.

"తల తెగినోనికి సంబురమేంది? నా కొడుకు పోయిననాడు డప్పు గిట్ల వద్దన్నరు గదా మీ పెద్దలు! సప్పుడు లేకుంట తీస్కపోయి పెట్టిన్రు. నేను రాను."

నిజమే. చావుకు డప్పు మన పద్ధతి కాదని ఆ రోజు గుడి పెద్దలు ఆపేశారు. పండగకు మాత్రం ఫరవాలేదట. డప్పులు మాట్లాడే పని నా నెత్తిన పడింది. డప్పుల కొండల్ దగ్గరికి పోయాను.

"మా స్వామికి, కొండలన్నా. తల నరికి సంపిన్రు. ఆదివారం ఊరేగిస్తం."

అతను అయ్యో పాపమన్నట్టు చూశాడు. ఎందుకో నాకు తట్టలేదు.

ఆదివారం కొండల్ బృందం మొహాలు వేలాడేసుకుని వచ్చింది. "పాడె యాడున్నది రాజమణక్కా?" అంటూనే మొదలుపెట్టారు. అది సావు దరువు! నిద్రలో విన్నా గుర్తుపట్టే దరువు. గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పాల బుచ్చయ్య క్యాను కింద పెట్టి తలకు చుట్టిన రుమాలు తీసేశాడు.

"ఆపుండ్రి! ఇది పండుగ, సావు కాదు!" అని జోజప్ప పరుగెత్తుకొచ్చాడు.

"తల నరికిన్రని అక్కనే చెప్పింది గదా! తల తెగితే సావు గాక పెండ్లా?" అన్నాడు కొండల్.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు వెనక నుంచి గొంతు వినబడింది.

"ఆపకు కొండల్. కొట్టు. నా కొడుక్కు కొట్టని దరువది."

గడప బయట అత్త. గుండెకు అదుముకున్న పటం.

జోజప్ప నోరు తెరిచాడు. నేను చూసిన చూపుకు మూసుకున్నాడు. డప్పులు మోగాయి. అత్త ఏడాది ఏడుపంతా ఒక్కసారే ఏడ్చింది. నేనూ ఆమెను పట్టుకుని గల్లీ అంతా చూస్తుండగా సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎంత హాయిగా ఉందో!

చివరికి అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"సాలు. నరకొచ్చినోనికే భయపడలేదు ఈ స్వామి. సావు ఈయన్ని గెలువలేదు, నా బాలశౌరిని గెలువలేదు. ఇగ గెలిచినోళ్ల దరువెయ్యి!"

కొండల్ బుర్ర గోక్కున్నాడు. "అదేం దరువమ్మా? నాకు పెండ్లిది తెలుసు, బోనాలది తెలుసు."

"రెండూ కొట్టు!"

గల్లీ దద్దరిల్లింది. బోనమెత్తిన మనిషికి పోసినట్టు పక్కింటి శారదమ్మ బిందెడు నీళ్లు తెచ్చి అత్త కాళ్ల మీద పోసింది. జోజప్ప కీర్తన ఎత్తుకున్నాడు గానీ, విన్నవాళ్లెవరు!

మలుపు దగ్గర జోజప్ప గుడి దారి పట్టబోయాడు. ఎదురుగా పోతే రైలు యార్డు. అత్త ఏడాదిగా అటు తిరిగి కూడా చూడలేదు. ఆమె అటే నడిచింది. వ్యాగన్ల ముందుకు రాగానే పటాన్ని రెండు చేతులతో తల మీదికెత్తింది.

"ఏంది రాజమణీ, ఎనకనే ఉన్నవ్? నడువ్!"