తడి చెవులు

"కుక్క కంపు కొడుతోందంటేనే తెలుస్తోంది, ఇల్లాలి శుభ్రం ఏపాటిదో," అన్నారు అత్తగారు ముక్కు మూసుకుని.

నేను అప్పుడే మా కుక్క నల్లోడికి స్నానం చేయించి, నడుం పట్టుకుని లేచాను. వారంలో అది నాలుగోసారి. ఈయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఆదివారం దాకా చూస్తా. వాసన పోకపోతే ఎవరికైనా ఇచ్చేస్తా. ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఆ మాత్రం కడగలేవా?" అన్నారు. ఖాళీ! పదమూడేళ్లుగా ఈ ఇంట్లో నా చాకిరీకి పేరు అదే. మాట పడటం నాకు అలవాటే కానీ, ఏ పాపం ఎరగని నల్లోణ్ణి పంపించేస్తారంటే కడుపు మండిపోయింది. అసలు కడిగేకొద్దీ కంపు ఎక్కువవుతోంది. స్నానం చేయించిన మర్నాడే వాడు తల విదిలిస్తాడు, వేలాడే చెవులు గోక్కుంటాడు, వేళ్ల సందులు నాక్కుంటాడు. ఆ సంగతి చెబితే "సైంటిస్టుగారు సెలవిచ్చారు" అని తల్లీకొడుకులు నవ్వుకున్నారు. నేను డిగ్రీలో జీవశాస్త్రం చదివానని వాళ్లకే కాదు, నాకూ మరుపొచ్చింది.

శుక్రవారం వాణ్ణి పశువుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ చెవిలోని గోధుమరంగు జిగురును దూదిపుల్లతో తీసి, గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూశారు.

"మీరూ చూస్తారా?"

కన్ను ఆనించగానే నా చెయ్యి దానంతటదే పక్కనున్న మర తిప్పి, మసకను తేటపరిచేసింది. ఊదారంగు వేరుశనగకాయల్లాంటివి, గుంపులు గుంపులుగా!

"ఈస్టు! మొగ్గలు తొడుగుతోందండీ!" అని అరిచేశాను. వెనక బెంచీ మీద పిల్లిని ఒళ్లో పెట్టుకుని తన వంతు కోసం కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"అవును, బూజు జాతిదే," అన్నారు డాక్టరమ్మ. "చర్మం మీద కాస్తో కూస్తో ఉండేదే. తడి దొరికితే దానికి పండగే. స్నానమయ్యాక చెవులు ఆరబెట్టట్లేదు కదూ?"

లేదు. పొయ్యి మీద పాలు, గుమ్మంలో అత్తగారి కేక, తుడిచే తీరికెక్కడిది?

"స్నానం చేయించిన మర్నాడే ఎక్కువవుతోందండీ."

"ఎవరు కనిపెట్టారు?"

"నేనే."

"భలే పట్టారే! అందరూ వాసనంటారు, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. పొద్దునపూట ఈ పలకలు చూడ్డానికి నాకో మనిషి కావాలి. నేర్పిస్తా, వస్తారా?"

"వస్తాను," అన్నాను. ఎవర్నీ అడగాలని కూడా తోచలేదు.

ఇంటికొచ్చి మందుసీసా, దూది, పొడి తువ్వాలు ఈయన ఒళ్లో పెట్టాను. "నల్లోడు ఎక్కడికీ వెళ్లడు. రోజూ పొద్దున చెవులు తుడిచి, మందేసి, తడి లేకుండా చూసుకోండి."

"నేనా? మరి నువ్వేం చేస్తావ్?"

"సోమవారం నుంచి నేను ఖాళీ లేను."