తాబేలు తలుపు

నేను ఒక ఉక్కు చట్రాన్ని. కోడిగుడ్డును నిలువునా కోస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను, లోపల వరసగా నిలువు కడ్డీలు. తెలియనివాళ్లు ఎవరింటి కిటికీనో ఊడదీసి తెచ్చారనుకుంటారు. విశాఖపట్నం చేపల రేవులో నన్ను తాబేలు తలుపు అంటారు. కాగితాల మీద నాకు పొడుగాటి పేరొకటి ఉంది గానీ, ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లను ఇంతవరకు చూడలేదు.

నా పని చిన్నది. రొయ్యల వేటకు వెళ్లే మరబోటు సంచిలాంటి పెద్ద వలను సముద్రం అడుగున ఈడ్చుకుపోతుంది. దారిలో ఏముంటే అది అందులో పడుతుంది. ఆ సంచి మెడ దగ్గర నన్ను ఏటవాలుగా కుడతారు. రొయ్యలూ చిన్న చేపలూ నా కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు ఆ సందుల్లో పట్టదు. అది నాకు తగిలి, నా మీదుగా పైకి జారి, వలకు పైన కోసిన దారిలోంచి బయటపడుతుంది. తాబేలుకు మనలాగే గాలి కావాలి. గంటల తరబడి వలలో ఉండిపోతే నీళ్లలోనే ఊపిరాడక ప్రాణం పోతుంది.

మనలాగే అన్నాను. మనుషుల మధ్య ఉండి ఉండి వచ్చిన అలవాటు, మన్నించండి.

ఇంత చిన్న పని కోసం పెద్ద పెద్దవాళ్లు విమానాలెక్కి తిరిగారు. మన రొయ్యలు కొనే ఒక దూరదేశం, తాబేళ్లను చంపే వలల్లో పట్టిన రొయ్యలు మాకొద్దని చెప్పిందట. మనవాళ్లు వెళ్లి మాట్లాడారు, వాళ్లు వచ్చి మాట్లాడారు. సముద్రం మన ఒక్క తరానిదే కాదు, మనుమల కాలానికీ మిగలాలని రెండు వైపులా ఒప్పుకొని సంతకాలు చేశారు. అక్కడి వలల్లో వాడే చట్రం బొమ్మను ఇక్కడి శాస్త్రవేత్తలు తెచ్చి, మన తాబేళ్లకూ మన వలలకూ సరిపడేలా కొలతలు మార్చారు. ఆ కొలతల ప్రకారం ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో నన్ను అతికించారు. మర్నాడే ఆయుధపూజ కావడంతో నాకూ ఒక బొట్టు దక్కింది.

రేవులో షామియానా వేసి నన్నూ నాలాంటి చట్రాలనూ ఉచితంగా పంచారు. ఒక అధికారి మైకు ముందు నిలబడి, మన దేశం ప్రపంచానికి మాట ఇచ్చిందనీ, దాన్ని నిలబెట్టవలసింది మీరేననీ చెప్పాడు. వెనక వరసలోంచి ఒకతను లేచాడు. గనగళ్ల ఎల్లాజీ అతని పేరు, బోటు డ్రైవరు.

"మాటిచ్చినప్పుడు మమ్మల్ని అడిగేరా బావూ?" అన్నాడు.

అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వి, టీ తాగి వెళ్లమన్నాడు. నన్ను ఎల్లాజీ చేతిలోనే పెట్టారు.

అతను నడిపే బోటు మైలపల్లి దానమ్మది. ఆమె అతనికి మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా. వాళ్లలో ఆడవాళ్లు బోటెక్కరు. మొగుడు పోయిన దగ్గర్నించీ దానమ్మ ఒడ్డున నిలబడే బోటును నడిపిస్తోంది. ఐసు ఎంత వేశారో, డీజిలు ఎంత తాగిందో ఇంజను చప్పుడు విని చెప్పేస్తుందని రేవులో అనుకుంటారు.

మొదటి వేటకు ఎల్లాజీ నన్ను చెప్పినట్టే కుట్టాడు. ఆ వేటలో తాబేలు రాలేదు. లావుపాటి పండుగొప్ప చేపలు మాత్రం నా కడ్డీల్లో పట్టక, తాబేలు కోసం ఉంచిన దారిలోంచి దర్జాగా వెళ్లిపోయాయి. కొన్ని రొయ్యలూ వాటి వెంట పోయాయి. బోటు రేవుకు చేరాక దానమ్మ బుట్టలవైపు చూసి, తర్వాత నావైపు చూసింది.

"నీ తలుపులోంచి నా కూడు ఎల్లిపోతన్నాదల్లుడా. ఇప్పీ. నేదంటే బోటు దిగు, నడిపీవోల్లు రేవు నిండా ఉన్నారు" అంది.

ఎల్లాజీకి సొంత పడవ లేదు. డ్రైవరు వాటా మీదే అతని ఇల్లు గడుస్తోంది. విప్పేశాడు.

అప్పట్నుంచి నా కాపురం కేబిను కప్పు మీద. నా కడ్డీల మీద చేపలు ఎండేశారు, లుంగీలు ఆరేశారు. నేను తుప్పు పట్టని ఉక్కును, ఏ పనికైనా ఒదిగిపోతాను. ఒకసారి ఆ దూరదేశం నుంచి మనుషులు తనిఖీకి వస్తున్నారని కబురు తెలిసింది. ముందురోజు సాయంత్రం రేవంతా సూదులూ దారాలూ పట్టుకొని కూర్చుంది. వచ్చినవాళ్లలో ఒక దొరసాని మోకాళ్ల మీద కూర్చొని నా వాలు కొలిచి, తల ఊపింది. రోజూ వాడుతున్నారా అని పక్కనున్న అధికారి చేత అడిగించింది. ఎల్లాజీ నేల చూస్తూ తల ఊపాడు. ఫొటోలు తీసుకున్నారు. వాళ్ల కార్లు గేటు దాటాక దారాలు కోశారు. దేశం మాట నిలబడింది, నేను కప్పెక్కాను.

దానమ్మను దయలేని మనిషని అనుకోకండి. వాళ్ల పేటలో తాబేలంటే సాక్షాత్తు కూర్మనాథుడు. దాని మాంసం ముట్టరు, గుడ్డు తాకరు. చచ్చిన తాబేలు వలలో వస్తే ఊరికే విసిరేయరు. పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తప్పు కాయమని దండం పెట్టి నీళ్లలో వదులుతారు. దానమ్మ ఏటా శ్రీకూర్మం వెళ్లి స్వామికి మొక్కి వస్తుంది. మాఘమాసం వచ్చిందంటే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. ఆ రోజుల్లో బోటుకెక్కించే బియ్యం, మిరపకాయలతో పాటు ఒక పసుపు కుంకాల పొట్లం, ఒక కొబ్బరికాయ ఆమె స్వయంగా కట్టి పంపుతుంది.

ఆ పొట్లాన్ని కేబినులో మేకుకు తగిలించేవారు. సరిగ్గా దాని పైన కప్పు మీద నేను. కింద చావుకు కావలసిన సరంజామా, పైన ఆ చావును తప్పించే వస్తువు, మధ్యలో ఒక చెక్క. దానమ్మ భక్తిలో నాకు లోటు కనబడలేదు. అందుకే నాకు ఏమీ అర్థం కాలేదు. స్వామి అడిగింది బొట్టా, బయటపడే దారా? లోహానికి ఇలాంటి సందేహాలు రాకూడదేమో.

అలాంటి ఒక మాఘంలో, మధ్యాహ్నం వేళ వల బరువుగా లేచింది. మనుషులు సంబరంగా లాగారు. సంచి ముడి విప్పితే రొయ్యల మధ్య నాలుగు తాబేళ్లు. ఒక్కటీ కదల్లేదు. ఎల్లాజీ వాటిని తిరగేసి చూశాడు, నీళ్లు చల్లి చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి పొట్లం తెచ్చాడు. మొదటిదానికి ఎప్పటిలా నిండుగా రాశాడు. రెండోదానికి పొదుపుగా రాశాడు. మూడోదాని నుదుటికి పొట్లం కాగితాన్నే రుద్దాడు. నాలుగోదాని దగ్గరకొచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. ఖాళీ కాగితం పట్టుకొని అలాగే కూర్చుండిపోయాడు.

నీళ్లలోకి తోసెయ్యి, ఎవరైనా చూస్తే కేసు పెడతారని మిగతావాళ్లు తొందరపెట్టారు. అతను వినలేదు. బోటును తిన్నగా తన పేటకు ఎదురుగా తెచ్చి లంగరు వేశాడు. తాబేళ్లను తెప్ప మీదికి దింపించి, కప్పెక్కి నన్నూ దింపి, వాటి పక్కన వేశాడు. ఇసక మీద మమ్మల్ని వరసగా పెట్టి, దానమ్మకు కబురు చేశాడు.

ఆమె పరుగున వచ్చింది. వెనకే ఎల్లాజీ పెళ్లాం బంగారి, పేటలో ఆడవాళ్లు కొందరు.

"ఏటల్లుడా, నీకు మతుందా? ఇయ్యి ఒడ్డుకి తెస్తే జైల్లో ఎట్టేత్తారు" అంది దానమ్మ.

"పసుపు సాల్లేదత్తా. నువ్వొకదానికే ఇచ్చేవు."

 అన్నేళ్లుగా పొట్లం కట్టిందే గానీ, బోటెక్కని మనిషి కావడాన అది ఎవరికి కట్టిందో దానమ్మ ఎన్నడూ కళ్లతో చూడలేదు. బంగారి ఇంటికి పోయి పసుపు డబ్బా తెచ్చింది. దానమ్మ కూర్చొని నాలుగో తాబేలుకు రాయడం మొదలుపెట్టింది. రాస్తూ దాన్ని కాస్త పక్కకు ఒరిగిస్తే, వెనక నుంచి తెల్లటి గుడ్డు ఒకటి జారి ఇసకలో పడింది. తర్వాత ఇంకొకటి.

దానమ్మ పసుపు డబ్బా కింద పెట్టింది.

"పురిటికి పుట్టింటికొచ్చిన పిల్ల ఇది" అంది, ఎవరితోనూ కాదు.

గొయ్యి తవ్వి అన్నిటినీ పూడ్చారు. ఆ తర్వాత ఎల్లాజీ నన్ను నిలబెట్టి పట్టుకున్నాడు.

"ఇది కుట్టనిస్తే బోటెక్కుతానత్తా. నేదంటే తాళాలు ఇంకొకడికిచ్చీ."

దానమ్మ వ్యాపారం చేసే మనిషి. కళ్లు తుడుచుకుంటూనే బేరం పెట్టింది. తాబేళ్లు వచ్చే నెలల్లో మాత్రం కుట్టుకోమంది. అతను తల అడ్డంగా ఊపాడు. పోయే సరుకు మాటేమిటంది. నా వాటాలో కోసుకో అన్నాడు. తల్లి పక్కనుంచి బంగారి మొగుడివైపు చురుగ్గా చూసింది. చివరికి దానమ్మ, తరుగు అంతా అల్లుడి వాటాలోనే పోయే షరతు మీద, నన్ను ఏడాది పొడుగునా ఉంచడానికి ఒప్పుకుంది. సంతకాలు లేవు, ఫొటోలు లేవు. దేశాలు కూర్చునే బల్లల దగ్గర కూడా సముద్రాన్ని కాపాడాలా వద్దా అన్నదాని మీద పేచీ ఉండదట. తరుగు ఎవరి వాటాలో పోవాలన్న దగ్గరే పొద్దుపోతుందట. ఇక్కడ మాత్రం అది గడియలో తేలిపోయింది, బేరమాడిన ఇద్దరిలో చిన్న వాటా ఉన్నవాడి మీద పడింది. అది న్యాయమని నేను అనలేను.

ఇప్పుడు నేను నీళ్లలోనే ఉంటున్నాను. కొన్నాళ్లకు మొదటి తాబేలు వచ్చింది. చీకటి నీళ్లలో బరువుగా వచ్చి నాకు కొట్టుకుంది. కాసేపు రెక్కలతో కడ్డీలను తడుముకుంది. తర్వాత మెల్లగా నా మీదుగా పైకి జారి వెళ్లిపోయింది. నేను పుట్టింది ఆ కాసేపటి కోసమే. పైన బోటులో ఆ సంగతి ఎవరికీ తెలియదు. చచ్చిన తాబేలు వలలో పైకొస్తుంది, దానికి లెక్క ఉంటుంది, కొబ్బరికాయ ఉంటుంది. దాటిపోయినదానికి ఏ ఆనవాలూ ఉండదు.

ఆ వేట నుంచి తిరిగొచ్చినప్పుడు దానమ్మ రేవులో బుట్టలు చూసింది. సరుకు తగ్గింది. పండుగొప్పలు దాదాపు లేవు.

"ఇంతకీ ఎన్ని ఎల్లిపోనాయేటి?" అని అడిగింది. అడిగింది తాబేళ్ల గురించే.

"నాకేటి తెలుస్తాదత్తా. బతికినయ్యి కనబడవు గదా" అన్నాడు ఎల్లాజీ.

 దానమ్మ కొంగు దోపుకొని వేలం పాట మొదలుపెట్టింది. ఆ రోజు వాటాలు పంచేటప్పుడు తరుగు మాట ఎత్తలేదు. తర్వాతి వేటకు మళ్లీ ఎత్తింది. నన్ను విప్పమని మాత్రం అనలేదు.