నాలుగు చేతుల్లో ఖాళీ రెండు

నేను ఒక వీడియోగేమ్‌ని. టీవీకి తగిలించేది కాదు, చేత్తో పట్టుకుని ఆడుకునే రకం. కళ్లజోడు పెట్టెకంటే కొంచెం పెద్దగా ఉంటాను. మధ్యలో తెర. ఎడమవైపు నాలుగు దిక్కులకీ జరిపే మీట, కుడివైపు గుండ్రటి బొత్తాలు రెండు. వీపున ఒక గాడి, అందులో బిస్కెట్టంత క్యాసెట్టు. నా కథంతా ఆ క్యాసెట్టులో ఉంటుంది. సగంలో ఆపేసి పక్కన పడేసినా ఏమీ అనుకోను. ఎదురుచూడటంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు కాస్త గర్వం.

పుట్టింది జపాన్‌లో ఒక ఫ్యాక్టరీలో. చేతులకి తెల్ల తొడుగులు వేసుకున్న ఒకావిడ నా బొత్తాలు పదేసిసార్లు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపింది. నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి మళ్లీ చాలా ఏళ్లు దొరకలేదు. మొదట నన్ను కొన్నది ఒక ఆఫీసు ఉద్యోగి. రోజూ రైల్లో నిలబడి, ముఖంలో ఏ మార్పూ లేకుండా ఆడేవాడు. కథ పూర్తయిన మర్నాడే పాత సామాన్ల కొట్లో ఇచ్చేశాడు. మనుషులకి అయిపోయిన వాటి మీద ఆసక్తి ఉండదని అప్పుడే తెలిసింది.

అక్కడ నన్ను చూసి ముచ్చటపడి, పని మీద వచ్చిన విజయవాడ ఇంజనీరు ఒకాయన కూతురి కోసం కొన్నాడు. ఆ పిల్ల పేరు హంసిని, ఎనిమిదో తరగతి. ఆయన సూట్‌కేసు తెరిచిన రోజే వాళ్లమ్మ "పరీక్షలయ్యాక" అని నన్ను బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. పదో తరగతి అయింది, ఇంటర్ అయింది, ఎంసెట్ అయింది. ఈ ఇళ్లల్లో పరీక్షలు అయిపోవడమంటూ ఉండదని చీరల మడతల్లో పడుకుని గ్రహించాను. బయటికి తీసేసరికి హంసినికి నా మీద మోజు పోయింది. పైగా నా రాతంతా జపాన్ భాష. అలా చేతులు మారి గుంటూరులో ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపు అద్దాల బీరువాలోకి చేరాను. అక్కడికి ఒకరోజు జోజిబాబు వచ్చాడు.

జోజిబాబుకి ముప్ఫై నాలుగేళ్లు. ఒకప్పుడు తెనాలిలో నెట్ సెంటర్ నడిపేవాడు. తుపాకుల ఆటల్లో అతన్ని ఓడించినవాడు ఆ చుట్టుపక్కల లేడట. ఆ తర్వాత కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, పొద్దున ఏడింటి నుంచి పదకొండింటి దాకా ఆసుపత్రిలో డయాలసిస్. అంతసేపూ ఎడమచేతికి రెండు లావుపాటి సూదులుంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. మిగిలిన ఒంటి చేత్తో ఫోన్‌లో తన పాత ఆటలు ఆడబోయాడు. ముక్కూ మొహం తెలియని పిల్లలు రెప్పపాటులో కాల్చి పారేశారు. ఇక ఆటల జోలికే పోనని ఫోన్లోంచి అన్నీ తీసేశాడు. షాపతను స్నేహితుడు. "ఎవడికీ అర్థం కావట్లేదురా, నువ్వు పట్టుకుపో" అని నన్ను చేతిలో పెట్టాడు.

నా కథలో ఒకరోజు సముద్రం వెనక్కి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. అది ఎటు పోయిందో వెతుక్కుంటూ ఒక అమ్మాయి, ఆమెతో దారిలో కలిసిన ముగ్గురూ నడుస్తూ పోతారు. మధ్యమధ్య విచిత్రమైన జంతువులు అడ్డం వస్తాయి. నా యుద్ధాలు వంతులవారీగా సాగుతాయి. మీరు ఒక దెబ్బ కొట్టాలి, అవతలివాడు ఒకటి కొట్టాలి. మీ వంతు వచ్చాక మీరు ఆలోచించినంతసేపూ అవతలివాడు కత్తి పట్టుకుని నిలబడే ఉంటాడు.

జోజిబాబుకి ఈ సంగతి తెలియదు. మొదటిరోజు డయాలసిస్ వార్డులో నన్ను పొట్ట మీద ఆనించుకుని, బొటనవేలితో మీటా బొత్తామూ మార్చి మార్చి నొక్కుతుండగా తోకలున్న మృగం ఒకటి ఎదురైంది. సరిగ్గా అప్పుడే అతని బీపీ పడిపోయింది, కళ్లు మూతలు పడ్డాయి. సిస్టర్ కరుణ పరుగున వచ్చి కాళ్లు ఎత్తిపెట్టి సెలైన్ ఎక్కించింది. అరగంట తర్వాత లేచి, ఈపాటికి ఆటలో చచ్చుంటాననుకుంటూ నన్ను చూశాడు. మృగం ఎక్కడున్నది అక్కడే ఉంది, తోకలు ఊపుకుంటూ. జోజిబాబు దానివైపు చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ వార్డులో అతను నవ్వడం అదే మొదటిసారని సిస్టర్ కరుణ అంది.

పక్క మంచం మీద పున్నమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఆమెకి అరవై దాటాయి. మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు కాయలకి తొడిమలు తీసిన మనిషి. పెదనందిపాడు అవతల నుంచి రెండు బస్సులు మారి వస్తుంది.

"ఆ తోకలోడు ఇందాకట్నుంచి అట్టాగే నిలబడ్డాడేందబ్బాయ్?" అని అడిగింది.

"నేను కొట్టిందాకా వాడు కొట్టడు పెద్దమ్మా."

"ఎంత మర్యాదస్తుడయ్యా!" అంది పున్నమ్మ.

కానీ ఆమె సరిగ్గా వచ్చేది కాదు. మంగళవారం వస్తే గురువారం మానేసేది. మానేసిన మర్నాటి నుంచీ కాళ్లు ఉబ్బేవి, ఆయాసం పట్టేది. "ఇంకో రెండుసార్లు ఇట్టా చేశావంటే ఊపిరితిత్తుల్లోకి నీరు పోద్ది, ఇక మా చేతుల్లో ఉండదు" అని సిస్టర్ కరుణ మొహం మీదే చెప్పింది. "పోతే పోనీ తల్లీ. ఈ బస్సులూ ఈ సూదులూ ఎన్నాళ్లని? ఎవరిని ఉద్ధరించాలని?" అంది పున్నమ్మ. ఆ మాట కోపంగా అనలేదు, కూరలో ఉప్పు చాలిందని చెప్పినంత మామూలుగా అంది. జోజిబాబు మొహం తిప్పుకున్నాడు. అతనూ లోపల అదే మాట చాలాసార్లు అనుకున్నాడని నాకు తెలుసు. తెర ఆరిపోయాక మనుషులు తమ మొహాలు నాలోనే చూసుకుంటారు.

తర్వాతి శనివారం జోజిబాబు ఒక అబద్ధం ఆడాడు. "పెద్దమ్మా, ఒంటి చేత్తో ఆడలేకపోతన్నా. ఈ పక్క నీ చెయ్యి వెయ్యవా?"

మూడు వారాలు నన్ను పొట్ట మీద పెట్టుకుని ఒంటి చేత్తో హాయిగా ఆడినవాడు! వంతులవారీ ఆటకి ఒక్క బొటనవేలు చాలు. అయినా నేను నోరు మెదపలేదు, నాకు నోరు లేకపోవడం వల్ల ఆరోజు మేలే జరిగింది. పున్నమ్మకి సూదులు కుడిచేతికి. అతని యంత్రం అటు, ఆమె యంత్రం ఇటు, మధ్యలో ఖాళీ. సిస్టర్ కరుణ రెండు మంచాలూ దగ్గరికి జరిపింది. నా ఎడమ కొస అతని కుడిచేతిలో, నా కుడి కొస ఆమె ఎడమచేతిలో. ఏం చేయాలో తెర మీది వరసల్లో అతను మీటతో చూపించాలి, సరే అని ఆమె బొత్తాం నొక్కాలి. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప నాలో ఆకు కూడా కదలదు.

ఆమె అంత సులభంగా ఒప్పుకునే మనిషి కాదు. నా కథలో వీరులు దారినపోయే ఇళ్లలోకి చొరబడి కుండలు వెతికి, దొరికింది సంచిలో వేసుకుంటారు. ఆడేవాళ్లందరూ అదే చేస్తారు, ఎవరూ తప్పనుకోరు. పున్నమ్మ మాత్రం బొత్తాం మీద నుంచి వేలు తీసేసింది. "ఇంటోళ్లు ఎదురుగానే ఉంటే కుండలో చెయ్యి పెడతావా? సిగ్గు లేదూ?" జోజిబాబు ఎంత బతిమాలినా నొక్కలేదు. దాంతో వీళ్ల నలుగురు వీరులూ అరిగిపోయిన కత్తులతో, మందుల్లేకుండా సముద్రాన్ని వెతకాల్సి వచ్చింది.

ఇంకో పేచీ మాటల దగ్గర వచ్చింది. జోజిబాబు అప్పటిదాకా మాటలన్నీ దాటేసి కొట్లాటకి ఉరికేవాడు. పున్నమ్మ వదల్లేదు. "వాళ్లేం చెప్పుకుంటన్నారు?" జపాన్ రాత చదవడం రాదు కాబట్టి అతను ఏదో కల్పించి చెప్పాడు. "ఆ మాట అన్నోడి మొగం అట్టా ఉండదబ్బాయ్, సరిగ్గా చూడు" అంది. నిజంగానే చూశాడు. కనుబొమలు చూశాడు, ఎవరు ఎవరికి దూరంగా నిలబడ్డారో చూశాడు, గోడ మీద పటంలో ఎవరి బొమ్మ ఉందో చూశాడు. తుపాకుల ఆటల్లో పదిహేనేళ్లలో అతను ఒక్క మొహం కూడా చూసి ఉండడు. ఇద్దరూ తర్జనభర్జన పడి కథ అల్లుకున్నారు: సముద్రంతో పాటే ఆ అమ్మాయి అన్న వెళ్లిపోయాడు, వెంట ఉన్న లావుపాటాయన మేనమామ. నాకు జపాన్ భాష వచ్చు కదా, లోపల నవ్వుకునేవాణ్ణి. ఆయన మేనమామ కాదు, వంటవాడు. అన్న అసలు లేనేలేడు. కానీ నిజం చెప్పొద్దూ, వీళ్ల కథే బాగుంది.

ఒకరు లేకుండా ఇంకొకరు ఆడకూడదని ఒట్టు వేసుకున్నారు. ఇంట్లో ఉన్న రోజుల్లో జోజిబాబు నన్ను సంచిలోంచి తీసి, తుడిచి, వెలిగించకుండానే లోపల పెట్టేసేవాడు. పున్నమ్మ బస్సులో కూర్చుని ఆలోచించుకుని వచ్చేది. చెప్పులు విడవకముందే "ఆ వంతెన అవతల ఏముంటదంటావ్?" అని మొదలెట్టేది. రెండు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా మానలేదు. కాళ్ల వాపు తగ్గింది. సిస్టర్ కరుణ మెచ్చుకుంటే పున్నమ్మ కొట్టిపారేసింది. "ఈ కథ తేలిందాకా వస్తానమ్మా. ఆ తర్వాత నన్నడగొద్దు."

జోజిబాబు ఆ మాట విన్నాడు. నేనూ విన్నాను.

చివరికి సముద్రాన్ని దాచిపెట్టినవాడు దొరికాడు. ఇంకొక్క దెబ్బ పడితే కూలిపోతాడు. ఆ ఒక్క దెబ్బ పడలేదు. జోజిబాబు ప్రతి వంతుకీ కొట్టడం మానేసి కాచుకోవడం ఎంచుకున్నాడు. వాడు కొట్టడం, వీళ్లు కాచుకోవడం, మంత్రంతో గాయాలు మాన్పుకోవడం, మళ్లీ కాచుకోవడం. ఒక వారం గడిచింది, రెండో వారమూ గడిచింది. నేను చూసిన యుద్ధాలన్నిటిలో ఇంత పొడుగాటిది లేదు.

ఒక మంగళవారం పున్నమ్మ వేలు తీసేసింది. "నాకు చదవడం రాదుగానీ లెక్కపెట్టడం వచ్చు. కొట్టే మాట మొదటి వరసలో ఉంటది. నువ్వు రెండు వారాల్నుంచి మూడో వరసలో పెడతన్నావ్."

జోజిబాబు పైకప్పు వైపు చూశాడు. "అయిపోతే నువ్వు రావు పెద్దమ్మా" అన్నాడు. "నువ్వు రాకపోతే ఏమైద్దో నాకు తెలుసు. నాకు భయంగా ఉంది."

ఆమె వేళ్లు నా మీద బిగుసుకోవడం తెలిసింది. "నాకూ భయమే" అంది. "అట్టాగని వాణ్ణి అట్టా నిలబెట్టి ఉంచుతామా? మొదటి వరసలో పెట్టు."

పెట్టాడు. ఆమె నొక్కింది. సముద్రం వెనక్కి వచ్చింది. అరచెయ్యంత తెర మీద, అల తర్వాత అలగా, ఎండిన పడవల కిందికి నీళ్లు వచ్చాయి. ఇద్దరూ ఆట తయారుచేసినవాళ్ల పేర్లు చివరిదాకా చూశారు. పదకొండింటికి సూదులు తీశాక పున్నమ్మ చీర సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ వస్తాననలేదు.

గురువారం ఏడయింది. పక్క మంచం ఖాళీ. ఎనిమిదింటికి సిస్టర్ కరుణ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. జోజిబాబు నన్ను గుండెల మీద బోర్లా పెట్టుకున్నాడు. అతని గుండె కొట్టుకోవడం నా తెరకి తగులుతోంది. ఎదురుచూడటంలో మొనగాణ్ణని ఇంతకాలం విర్రవీగినవాణ్ణి, ఆ రెండు గంటలు నా వల్ల కాలేదు.

తొమ్మిదింటికి తలుపు దగ్గర కేకలు. పెదనందిపాడు బస్సు ఎక్కడో ఆగిపోయిందట, ఆ డ్రైవర్‌కి చీవాట్లు పెడుతూ పున్నమ్మ లోపలికి వచ్చింది. సిస్టర్ కరుణ సూదులు గుచ్చుతుంటే, పక్కకి తిరిగి ఎడమచెయ్యి చాపింది.

"ఇటియ్యి. నేను వచ్చేతలికే నలుగురున్నారు. ఎవరు యాడ కలిశారో నాకు తెలవదుగా? మొదట్నుంచి చూపించు."

ఆడినంతవరకు గుర్తుంచుకోడానికి నా క్యాసెట్టులో ఒక్క ఆటకే చోటు. కొత్తది మొదలుపెట్టాలంటే పాతది చెరిపెయ్యనా అని అడుగుతాను. అడిగాను. ఆ ప్రశ్న మాత్రం జోజిబాబుకి తెలుసు.

"ఇది నొక్కితే మనం ఆడిందంతా పోద్ది పెద్దమ్మా. మూడు నెలలది."

"పోనీ. ఏం జరిగిందో మన ఇద్దరికీ తెలుసుగా."

అతను మీట అవును మీదికి జరిపాడు. ఆమె నొక్కింది. మూడు నెలలూ నాలోంచి ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. తెర నల్లబడి మళ్లీ వెలిగింది. నీళ్లు లేని ఒడ్డు మీద ఆ అమ్మాయి దూరంగా నిలబడి ఉంది.

"ఒక్కతే ఉందేంది పాపం?" అంది పున్నమ్మ, తలగడ మీద నుంచి తల ఎత్తి. "పద, పద."