నోరులేని మచ్చ

ఆదివారం వచ్చిందంటే మొగుడి వీపు వచ్చిందన్నమాటే. చొక్కా విప్పి, మంచం మీద బోర్లా పడుకుని, ఫోన్ దిండుకి ఆనించి, "రా" అంటాడు. అంతే, ఆ ఒక్క అక్షరమే. ఆవిడ స్టవ్ తగ్గించి, తడిచేతులు తుడుచుకుని, పక్కన కూర్చుని బ్లాక్‌హెడ్స్ నొక్కుతుంది. అందుకనే రెండు బొటనవేళ్ల గోళ్లూ పెంచుకుంది. పెళ్లైన కొత్తలో ఒకసారి పొరపాటున పుట్టుమచ్చని నొక్కింది. "కళ్లు కనపడ్డం లేదా? అది మచ్చ!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ దెబ్బకి నేర్చేసుకుంది. బ్లాక్‌హెడ్‌కి నోరుంటుంది, నొక్కితే లోపలున్నది కక్కేస్తుంది. పుట్టుమచ్చకి నోరుండదు, ఎంత నొక్కినా కిమ్మనదు. పెళ్లికి ముందు అత్తగారు తనని చూసి "నోరులేని పిల్ల, మనకి సరిపోతుంది" అని మురిసిపోవడం గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండేది.

ఆ నోరులేని మనిషి మెడ వెనక, జుట్టు మొదట్లో, నల్లగా ఏదో మొలిచింది. తన మెడ తనకి కనిపించదుగా. ముందు చూసింది అత్తగారే.

"ఏమిటమ్మాయ్ ఆ మురికి? రుద్దుకోవా?"

"పుట్టుమచ్చేమో అత్తయ్యా."

"పుట్టుమచ్చంటే పుట్టినప్పుడే ఉండాలి. నడివయసులో మొలుచుకొస్తుందా?"

పుట్టుక ఆ పేరులోనే ఉందాయె. ఆవిడా నమ్మేసింది. పీచుతో అంట్లు తోమినట్టు మెడ తోముకుంది. తోలు లేచొచ్చింది గానీ అది మాత్రం కదల్లేదు.

డ్రైక్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర నిలబడి, వచ్చిన బట్టల కాలర్లలో మురికి వెతకడం ఆవిడ ఉద్యోగం. ఒకరోజు ఓనరు గొంతు తగ్గించినట్టే తగ్గించి, అందరికీ వినబడేలా, "జనం మన దగ్గరికి మురికి వదిలించుకోవడానికొస్తారమ్మా. నీ మెడ చూస్తే పారిపోతారు. కొన్నాళ్లు లోపల ఇస్త్రీ దగ్గరుండు" అన్నాడు. ఆ ఇస్త్రీ ఆవిరిలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. చెమటో కన్నీళ్లో ఎవడు చూడొచ్చాడు?

తర్వాత అది దురదపెట్టడం మొదలైంది. ఒక ఆదివారం మొగుడి వీపు పని అయ్యాక, సిగ్గు చంపుకుని జుట్టు పైకెత్తింది.

"ఏమండీ, ఒక్కసారి నా మెడ చూడరూ?"

ఫోన్ మీంచి సగం చూపు తిప్పాడు. "బ్లాక్‌హెడ్డే."

"మధ్యలో నోరుందా? సరిగ్గా చూడండి, లేకపోతే..."

"నాకు నేర్పుతున్నావా?" అంటూ గోటితో గిల్లిపారేశాడు. రక్తం కారి దుప్పటి మీద పడింది. "దుప్పటి పాడుచేశావ్" అన్నాడు.

ఇన్నేళ్లూ అతగాడి వీపు మీద ఏ చుక్క ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేలా బతికింది. తన ఒంటి మీద ఒక్క చుక్క కోసం అతని కళ్లు ఒక్క నిమిషం ఆగలేదు. ఆ కోపమే ఆవిణ్ణి ఆస్పత్రికి నడిపించింది.

డాక్టరమ్మ ఫోటో తీసి చూపించింది. "పుట్టుమచ్చే. పేరుకే పుట్టు, మధ్యలోనూ వస్తాయి. కానీ దీని అంచులు చెదిరాయి, రంగు మారింది. తీసేసి పరీక్షకి పంపాలి. దీన్ని గిల్లిందెవరు?"

"గోరు తగిలిందండీ" అంది. ఎవరి గోరో చెప్పలేదు. ఇంటికెళ్లే దారి పొడుగునా ఆ అబద్ధానికి తనని తనే తిట్టుకుంది.

మచ్చ తీసేసి కుట్లు వేశారు. అది మంచిదో చెడ్డదో సోమవారం తెలుస్తుందన్నారు.

ఈలోపు ఆదివారం రానే వచ్చింది. తల తిప్పితే కుట్లు లాగుతున్నాయి. రేపు ఏం వినాల్సొస్తుందో తెలీదు. మొగుడు చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు.

"రా."

"కుట్లు లాగుతున్నాయండీ."

"కుట్లు మెడకేగా, చేతులకి కాదుగా."

హాల్లోంచి అత్తగారు అందుకుంది. "రోజూ సరిగ్గా రుద్దుకునుంటే కోతలదాకా వచ్చేదా?"

ఆవిడ సొరుగులోంచి నెయిల్ కట్టర్ తీసింది. మంచం పక్కనే నిలబడి రెండు బొటనవేళ్ల గోళ్లూ మొదలంటా కత్తిరించింది. ముక్కలు ఎగిరి అతని వీపు మీద పడ్డాయి.

"ఏంటది?" అని తలెత్తాడు.

"మీ అమ్మగారిని పిలవండి. మురికెక్కడుందో ఆవిడకి ఇట్టే కనబడుతుంది."