పావురాలవాడి సాక్ష్యం

నల్లమెడ పావురం మాత్రం దిగదు, దానికి పొగరు, మిగతావన్నీ మూడో చుట్టుకే రెక్కలు ముడుస్తాయి కానీ అది గుంపునంతా ఇంకో చుట్టు లాక్కెళ్తుంది, లాక్కెళ్లనీ, ఇవాళ ఎంతసేపు తిరిగితే అంత మంచిది, కింద సంధి ఒప్పందం మీద సంతకాలవుతున్నాయి, కోటగోడల లోపల ప్రతి రేడియోలోనూ ఒకటే గొంతు, జెరూసలేం ఇక ఇద్దరిదీ ఇద్దరిదీ అని ఒకటే ఊదరగొడుతోంది, ఇద్దరిదీ అయితే అయింది, ఈ డాబా మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది, అనుకుంటూ ఫాయెజ్ నీళ్ల ట్యాంకుకి ఆనుకుని గింజల డబ్బా ఆడించబోయి ఆగాడు, ఆడిస్తే దిగిపోతాయి, దిగితే బోనుల్లోకి ఎక్కించాలి, ఎక్కిస్తే సంధి కమిటీ మనుషులొచ్చి గూళ్లు విప్పుకుపోతారు, రేపట్నించి ఇక్కడ రెండు జెండాల కాపలా గది, అందులో ఇద్దరు సిపాయిలు, ఒకడు ఇటువాడు ఒకడు అటువాడు, ఒకడి మీద ఒకడు కన్నేసి ఉండడమే ఇద్దరికీ ఉద్యోగం, తాత పావురాలు ఆడించిన డాబా, నాన్న ఆడించిన డాబా, నాన్న ప్రాణం పోయేటప్పుడు కూడా కళ్లు కొడుకుల వైపు కాదు, ఆకాశం వైపు, అవన్నీ ఇంటికొచ్చాయా అనే అడిగాడు, అవన్నీ అంటే పావురాలే, కొడుకులు మంచం పక్కనే ఉన్నారు మరి.

ఆ ఒప్పందం ఎంత బరువంటే దాన్ని మోసుకొచ్చిన గాడిద డమాస్కస్ గేటు దగ్గర కూలబడి ఏ దేశం గడ్డి తినాలో తేలేదాకా లేవనందిట, అందులో లేని సంగతి లేదు, వీధి ఒకరిది, వీధి కింద తవ్వితే దొరికేది ఇంకొకరిది, మెట్లు పొద్దున ఒక దేశం మధ్యాహ్నం ఇంకో దేశం, మధ్యాహ్నం పూట మెట్ల నడుమ నిల్చున్నవాడు కదలకుండానే విదేశం వెళ్లొచ్చినట్టు లెక్క, నిమ్మచెట్టు వేళ్లు ఇటు, కాయలు అటు, పులుపు మాత్రం ఉమ్మడి, పిల్లులకి రెండు పౌరసత్వాలూ ఇచ్చేశారు, అడిగితే అవి వద్దనేవే, రెండు నెలల కిందట ఉత్సవ సంఘం వాళ్లు వచ్చి శాంతికి తెల్ల పావురాలు కావాలన్నారు, తెల్లవి బుర్రలేనివండీ నేను పెంచను, కావాలంటే నావాటి మీద పిండి జల్లుకోండి అన్నాడు ఫాయెజ్, నిజంగానే జల్లారు, ఎగరేసేసరికి మంత్రులంతా కోట్లు తెల్లబడి తుమ్ముతూ ఒకరికొకరు రుమాళ్లు ఇచ్చుకున్నారు, ఇన్నేళ్ల చర్చల్లో రెండు పక్కలవాళ్లూ ఒకరికొకరు ఇచ్చుకున్నది ఆ రుమాళ్లేనేమో, ఆ రోజు తమ్ముడు కూడా నవ్వాడు, నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు అన్నా అని భుజం మీద చెయ్యేశాడు, ఆ చెయ్యి బరువుగా ఉందని అప్పుడే తెలియాల్సింది.

అదిగో ఆ చెయ్యే ఇప్పుడు నిచ్చెన మీంచి జున్ను మిఠాయి కునాఫా పళ్లెం పట్టుకుని పైకొస్తోంది, వెనకాలే టై, టై వెనకాల తమ్ముడు రుష్దీ, సంధి కమిటీలో మనవైపు సభ్యుడు, రేపట్నించి ఉమ్మడి డాబాల పర్యవేక్షకుడు, ఆ పదవి పేరు చొక్కా మీద కుట్టించాలంటే వీపు దాకా పోవాలి, అన్నా ఇంకా దింపలేదా, మనుషులు కింద నిల్చుని ఉన్నారు, అన్నాడు, దిగమని నువ్వే చెప్పు, నా మాట చెల్లదుగా, అన్నాడు ఫాయెజ్, అబ్బా మళ్లీ అదేనా, ఒక్క డాబా అన్నా, ఊరు మొత్తానికి ఒకే ఒక్క డాబా, ఇక్కణ్ణించి మన బంగారు గుమ్మటమూ కనిపిస్తుంది వాళ్లు ప్రార్థించే గోడా కనిపిస్తుంది, ఇది తప్ప దేనికీ రెండు పక్కలా ఒప్పుకోలేదు, ఇది ఇవ్వకపోతే సంతకాల్లేవు, మళ్లీ తుపాకులే, నీకు కావాల్సిందదేనా, తిను, వేడిగా ఉంది, ఫాయెజ్ పళ్లెం వైపు చూశాడు, జున్ను ఇంకా సాగుతోంది, నోరూరింది, ఛీ, దీనికి కూడా సిగ్గులేదు, తమ్ముడి చేతి తిండికి ఇలాంటప్పుడు కూడా నోరూరడమా, నన్నడిగితే ఇచ్చేవాణ్ణేమోరా, అన్నాడు, అడిగితే నిజంగా ఇచ్చేవాడా, ఇచ్చేవాడు కాదు, తన్నేవాడు, తన్నాక తెల్లారి ఇచ్చేవాడు, ఆ తెల్లారడానికి కూడా వీడు ఆగలేదు.

అడగలేదు, నిలబెట్టాడు, పోయిన నెల విచారణ గదిలో అందరి ముందూ నిలబెట్టాడు, ఏ డాబా ఎవరు వాడుతున్నారో సాక్ష్యం ఉంటే అది వాళ్లకే ఉంటుందని ఒప్పందంలోనే ఉంది, కాగితాలెవరికున్నాయి ఈ ఊళ్లో, మనుషుల మాటే ఆధారం, ముందుగా పక్క డాబా ముసలమ్మ ఫ్రేహాని పిలిచారు, మొరాకో నుంచి వచ్చిన యూదు కుటుంబం, నోరు విప్పితే శాపనార్థాలే, ఈ పావురాలవాణ్ణి ఖాళీ చేయించండి బాబూ అని ఏళ్ల తరబడి ఎక్కని ఆఫీసు లేదు, ఆమె లేచి, అయ్యా వీడు దొంగ, ఊళ్లో వాళ్ల పావురాలన్నీ వల వేసి పట్టి నావేనంటాడు, వీడి నాన్న కూడా దొంగే, ఆ దొంగతనాలన్నీ ఆ డాబా మీంచే చేశారు, నేను పెళ్లయి వచ్చిన రోజు నించీ ఒక్క రోజు మానలేదు, కావాలంటే నా దుప్పట్లనడగండి, ఒక్క దుప్పటైనా తెల్లగా ఉందా, అంది, అంతకంటే గొప్ప సాక్ష్యం ఏముంటుంది, ఫాయెజ్‌కి ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది, ఆ తర్వాత అతని వంతు, మా తాత, అని మొదలుపెట్టాడు, అంతే, తాత దగ్గరే రుష్దీ లేచాడు, అధ్యక్షా క్షమించాలి, మా అన్న పావురాలాడించేవాడు, మా ఊళ్లో పావురాలాడించేవాడి సాక్ష్యం ఖాజీ కూడా తీసుకోడు, పక్కింటి పిట్టని తనదేనని రోజూ ఒట్టేసే మనిషి, పక్కింటి డాబాని వదులుతాడా, ఇంట్లోవాణ్ణి నేను చెప్తున్నాను, మాకు ఆ డాబా లేదు, అన్నాడు, ముందు మనవాళ్లు నవ్వారు, తర్జుమా అయ్యాక అటువాళ్లు నవ్వారు, ఇంకో తర్జుమా అయ్యాక మంచుదేశం నుంచి వచ్చిన అధ్యక్షుడు, ఎండకి టమాటాలా కమిలిన ఆ మొహం కూడా నవ్వింది, చర్చలు మొదలయ్యాక రెండు పక్కలా కలిసి నవ్వడం అదే మొదటిసారి, ఆ నవ్వు మీదే సంతకాలు కుదిరాయని రేడియోలో ఎవడో పెద్దమనిషి చెప్పాడు, మానవత్వం గెలిచిన క్షణమట.

ఒరేయ్ ఫాయెజూ, అని పక్క డాబా మీంచి కేక, ఫ్రేహా, తడి దుప్పటి దులుపుతోంది, దింపకురా, ఇంకాసేపు తిరగనీ, రేపట్నించి ఆ సిపాయి వెధవలిద్దరూ నా లంగాలు చూస్తూ కూర్చుంటారు, నీ పావురాలే నయం, రెట్టేసి వాటి దారిన అవి పోయేవి, రుష్దీ మర్యాదగా, అవ్వా కునాఫా తింటావా, అన్నాడు, నీ కునాఫా నీ టైకి పూసుకో, అంది, ఫాయెజ్‌కి నవ్వొచ్చింది, అదిగో మళ్లీ ఇకిలిస్తున్నావు, ఆవేళ కూడా ఇలాగే కదరా ఇకిలించావు, అంది ఆమె, ఎప్పుడు, అన్నాడు ఫాయెజ్, ఎప్పుడేమిటి, నీ తమ్ముడు నిన్ను దొంగని చేసిన రోజు, అందరికంటే ముందు నవ్వింది నువ్వే, లేదే, వాళ్లు నవ్వారు, అన్నాడు, వాళ్లు తర్వాత నవ్వార్రా, నేను నీ పక్కనే కూర్చున్నాను, నీ పళ్లు చూశాను, నువ్వు నవ్వాకే మీవాళ్లు నవ్వారు, నాకు ఒళ్లు మండింది, అని దుప్పటి తాడు మీద వేసి అవతలికి పోయింది.

లేదు, నవ్వలేదు, తనెందుకు నవ్వుతాడు, కాదు, నవ్వాడు, గొంతులోంచి వచ్చింది, కాఫీ కొట్లో ఎవడైనా పావురాలవాడి మీద జోకేస్తే ముందు తనే నవ్వేస్తాడు, పుట్టినప్పట్నించీ అంతే, ముందు నవ్వేస్తే దెబ్బ తగిలినట్టుండదు, తమ్ముడి ఆ మాట విచారణ గదిలో పడగానే ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం, అది జ్ఞాపకం వస్తోంది ఇప్పుడు, ఎవరూ నవ్వలేదు ముందు, సొంత అన్నని అంత మాటన్నాడే అని మనవాళ్లు కూడా తలలు దించుకున్నారు, అధ్యక్షుడి కలం ఆగింది, ఆ క్షణంలో రుష్దీ కళ్లు అధ్యక్షుడి వైపు లేవు, అటువాళ్ల వైపు లేవు, తిన్నగా తన వైపే ఉన్నాయి, ఎదురుచూస్తూ, గింజల డబ్బా ఆడించి ఆకాశం వైపు చూసేవాడు చూసినట్టు, ఫాయెజ్ తల తిప్పి తమ్ముణ్ణి చూశాడు, రుష్దీ పళ్లెం వైపు చూస్తున్నాడు, నీకు తెలుసు, అన్నాడు ఫాయెజ్, ఏంటన్నా, అన్నాడు రుష్దీ, పళ్లెం మీంచి కళ్లెత్తకుండా, వీడికి తెలుసు, ఆ గదిలో ఇంకెవరూ నమ్మని ఒకే ఒక్క సంగతిని వీడు నమ్ముకున్నాడు, అన్న నవ్వుతాడని.