గుళికలు తిన్న మడి

ఎనభై ఏడులో, గురజాల దగ్గర కాలువ కింద పిచ్చియ్య వేసిన వరికి కాండం తొలిచే మొగి పురుగు పట్టింది. ఏటా చల్లే గుళికల మందే చల్లాడు. పురుగు చావలేదు. మళ్లీ చల్లినా పైరు నడిమి లేత ఆకులు, మొవ్వులు, ఎండుతూనే ఉన్నాయి. పిచ్చియ్యకు కుదురు పోయింది. అన్నం ముందు కూర్చున్నవాడు మధ్యలోనే లేచి మడి గట్టుకు పోయేవాడు. చివరికి పురుగుమందుల కొట్టుకెళ్లి, ఇసుక కలిపి అమ్మావంటూ బాబూరావు చొక్కా పట్టుకున్నాడు. ఆ కొట్టు నడిపే బాబూరావు అతనికి వరసకు బావ.

ఈ గొడవ విని వ్యవసాయ కాలేజీలో పరిశోధన చేసే వరలక్ష్మి వచ్చింది. ఆ మడిలో చానా ఏళ్లుగా అవే గుళికలు పడుతున్నాయని తెలుసుకుంది. రెండు కుండల్లో కాలువ నీళ్లు పోయించి, ఒకదాంట్లో పిచ్చియ్య మడి బురద, రెండోదాంట్లో ఎన్నడూ మందు ఎరగని, అదే ఊరి హజ్రా బీ మెట్టచేని మట్టి వేసింది. బాబూరావు కొట్లోని గుళికలే రెండింట్లోనూ కలిపి, కొన్నాళ్లాగి వస్తానని వెళ్లింది.

ఆమె తిరిగి వచ్చేదాకా పిచ్చియ్య ఆ కుండల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పనులన్నీ వదిలేసి ఇదేం కాపలా అని భార్య నరసమ్మ విసుక్కుంది.

వరలక్ష్మి వచ్చి, నీళ్లలో మందు మిగిలిందో లేదో చూడటానికి రెండింట్లోనూ చేపపిల్లల్ని వదిలింది. హజ్రా బీ మట్టి ఉన్న కుండలో అవి కాసేపటికే వెల్లకిలా తేలాయి. పిచ్చియ్య మడి బురద ఉన్న కుండలో ఈదుతూనే ఉన్నాయి.

"మందు మంచిదే, బాబాయ్ గారూ. మీ మట్టిలో కంటికి కనపడని జీవులున్నాయి. గుళికలు తినడం మరిగాయి. పురుగును చేరకముందే మందును తినేస్తున్నాయి."

ఇలాంటి మట్టితో, మందు కలిసిన బావుల్ని, కుంటల్ని శుభ్రం చేయొచ్చేమో చూడాలని ఆమె ఉత్సాహంగా చెప్పింది. పిచ్చియ్య కుండ వంకే చూస్తూ విన్నాడు.

"నీకు మంచిదేనమ్మా. నా వరి సంగతేంది?"

ఆమె కొన్నాళ్లు ఆ మందు మానేయమని, ఎండిన మొవ్వులు పీకేయమని మాత్రం చెప్పగలిగింది. డబ్బా నిండా బురద తీసుకుని బస్సెక్కింది.

ఆ సాయంత్రమే పిచ్చియ్య కొట్టుకెళ్లి, తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. బాబూరావు కోపం ఆ మాటతోనే పోయింది. కానీ మొహం తేటపడలేదు.

"ఊళ్లో వరి ఏసేవోళ్లంతా ఇయ్యే గుళికలు చల్లుతున్నారు గదరా. ఇంకెవరెవరి మళ్లు ఇట్టా అయినయ్యో?"

పిచ్చియ్య అక్కణ్నుంచి నేరుగా మడి గట్టుకు పోయాడు.

మర్నాటి నుంచి మొగుడూ పెళ్లాం మడిలో దిగి మొవ్వులు పీకారు. పంట సగమే చేతికొచ్చింది. కోత అయ్యాక కూడా పిచ్చియ్య గట్టు మీద ఆగి, పిడికెడు మట్టి తీసి, వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. అందులో ఏమీ కనిపించేది కాదు. అయినా చూసేవాడు.